పాదిరీల జాబితాలో లేని గడి

ఒక పుస్తకం తెరవకముందే, దాని పేరు దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. చర్చ్ మిషనరీ సొసైటీ తన మిషనరీల వివరాలతో సొంత అవసరాల కోసం అచ్చు వేయించుకున్న పుస్తకం అది. 1804 నుంచి 1904 దాకా నూరేళ్ళ లెక్క. దాని పేరు 'రిజిస్టర్ ఆఫ్ మిషనరీస్, క్లెరికల్, లే అండ్ ఫీమేల్, అండ్ నేటివ్ క్లర్జీ'. అభిషేకం పొందినవారు, పొందనివారు, స్త్రీలు, ఆపైన స్థానిక పాదిరీలు అని దాని అర్థం.

ఈ వరసను ఒకసారి నిదానంగా చూడండి. అభిషేకం పొందినవాళ్ళు, పొందనివాళ్ళు అని చెప్పాక ప్రపంచంలో ఇంక ఎవరూ మిగలకూడదు. కానీ ఇక్కడ మిగిలారు. స్త్రీ అభిషేకం పొందినది ఎలాగూ కాదు. పొందనివాళ్ళ లెక్కలోకి కూడా ఆమె రాలేదు. ఆమె 'ఫీమేల్', అంతే. ఆ ముగ్గురి తర్వాత 'నేటివ్' వచ్చాడు. అతను పాదిరి అయితేనే వచ్చాడు. ఈ నాలుగు మాటల్లో నల్లగా, ఆడదిగా పుట్టిన మనిషికి గడి లేదు. నేటివ్ మాట కింద ఉన్నది పాదిరీలు, పాదిరీలంటే మగవాళ్ళు. ఫీమేల్ మాట కింద ఉన్నది మిషనరీలు, మిషనరీలంటే ఓడ దిగి వచ్చినవాళ్ళు.

నేను వెతుకుతున్నది సరిగ్గా ఆ మనిషి కోసమే. ఏలూరు పరిసరాల మాలపల్లెల్లో కాలవ గట్ల మీద నడుచుకుంటూ వెళ్ళి, ఆడవాళ్ళకి బైబిలు చదివి వినిపించిన బైబిలు స్త్రీలలో మా అమ్మమ్మ తల్లి ఒకరు. మా ఇంట్లో ఆమెను గురించి చెప్పేటప్పుడు మొదట వచ్చే మాట 'ఉపదేశి గారి భార్య'. పల్లెలో ముసలివాళ్ళు మాత్రం 'బైబిలమ్మ' అంటారు. ఆమె పేరు అచ్చులో ఎక్కడైనా ఉంటుందేమోనని పాదిరీల జాబితాలు తిరగెయ్యడం మొదలుపెట్టాను. పేరు దొరకలేదు. కానీ ఆ జాబితాలు కూడా కథల్లాగే, స్వీయచరిత్రల్లాగే చదవదగ్గ రచనలని అర్థమైంది. వాటికీ ఒక శైలి ఉంది, ఒక కథానాయకుడు ఉన్నాడు, చెప్పని విషయాలు ఉన్నాయి. సాహిత్య విమర్శ వీటిని ఇన్నాళ్ళూ గుమాస్తా పని అనుకుని పక్కన పెట్టింది. ఆ అలవాటును ఈ వ్యాసంలో కొంచెం కదిలించాలని ఉంది.

ఆంగ్లికన్ పాదిరీల జాబితా అనగానే అందరూ చెప్పే పేరు 'క్రాక్‌ఫర్డ్స్ క్లెరికల్ డైరెక్టరీ'. ఇంగ్లండులో అంతకుముందే 1841 నుంచి 'క్లర్జీ లిస్ట్' అనే ప్రచురణ ఉంది. 1858లో జాన్ క్రాక్‌ఫర్డ్ పేరుతో ఈ డైరెక్టరీ వచ్చింది. కొన్ని దశాబ్దాల తర్వాత పాతదాన్ని తనలో కలిపేసుకుంది. ఆంగ్లికన్ సంఘం బ్రిటిష్ సామ్రాజ్యంతో పాటు విస్తరించింది కాబట్టి, కాలనీలలో పనిచేసిన పాదిరీలు కూడా ఇందులోకి వచ్చారు. వివరాలు చాలావరకు పాదిరీలే ఫారాలు నింపి పంపేవారు. అంటే వందల పేజీల ఈ పుస్తకం, నిజానికి వేలమంది మగవాళ్ళు మూడు నాలుగు వాక్యాల్లో రాసుకున్న స్వీయచరిత్రల సంపుటి.

ఆ స్వీయచరిత్రకు ఒక కొలత ఉంది. ఇంటిపేరు, ఏ విశ్వవిద్యాలయంలో చదివాడు, ఏ సంవత్సరం డీకన్ అయ్యాడు, ఏ సంవత్సరం ప్రీస్టు అయ్యాడు, ఏ బిషప్ చేతుల మీదుగా, ఏ ఏ ఊళ్ళలో పనిచేశాడు, ఏమైనా పుస్తకాలు రాశాడా. పాత సంపుటాల్లో ఆ చర్చి పదవికి వచ్చే రాబడి ఎంత, ఉండడానికి ఇల్లు ఉందా, ఆ పారిష్‌లో జనాభా ఎంత అనేవి కూడా ఉండేవి. ఇల్లు ఉందో లేదో చెబుతారు గానీ ఆ ఇంట్లో ఎవరున్నారో చెప్పరు. భార్య ఉండదు, పిల్లలు ఉండరు. ఆ ఇంటి వసారాలో కూచుని ఆదివారం బడి నడిపిందెవరో, రోగులకు గంజి కాచి పంపిందెవరో ఉండదు. బ్రహ్మచర్యం నియమంగా లేని సంఘం ఇది. అయినా దాని పుస్తకంలో పాదిరీలంతా ఒంటరి మగవాళ్ళే.

ఇలాంటి పుస్తకం ఎందుకు కావలసి వచ్చిందనే ప్రశ్నకు జవాబు కూడా ఆసక్తికరంగా ఉంటుంది. ఊరికి కొత్తగా వచ్చి నేను పాదిరినని చెప్పుకునే మనిషి నిజంగా పాదిరేనా, వేషగాడా అని తేల్చుకోవడానికి ఇది పనికివచ్చేది. జాబితాలో ఉంటే అసలు, లేకపోతే నకిలీ. ఈ తర్కాన్ని మన పల్లెలకు తెచ్చి చూడండి. అభిషేకం లేకుండా వాక్యం చెప్పిన ప్రతి స్త్రీ ఈ పుస్తకం దృష్టిలో ముందుగానే నకిలీ. ఆమె గురించి ప్రత్యేకంగా ఎవరూ తీర్పు చెప్పక్కర్లేదు. పుస్తకం కట్టుబడే ఆ తీర్పు చెప్పేసింది.

వర్జీనియా వుల్ఫ్ 1938లో 'త్రీ గినీస్' రాసినప్పుడు ఇలాంటి పుస్తకాల్నే సాక్ష్యానికి పిలిచింది. విటకర్స్ అల్మనాక్ తెరిచి ఆర్చిబిషప్ జీతం చూపించింది. డీకనెస్‌గా పనిచేసే స్త్రీకి దక్కే కొద్దిపాటి సొమ్మును దాని పక్కన పెట్టింది. స్త్రీలకు పౌరోహిత్యం ఎందుకు ఇవ్వకూడదో వివరించిన సంఘం వారి నివేదికను వరస వరసగా చదివింది. పెద్ద సిద్ధాంతాల కోసం ఎదురుచూడకుండా, అల్మారాలో దుమ్ము పట్టిన జాబితాతో వాదించవచ్చని నాకు నేర్పింది ఆ పుస్తకమే.

జాబితాలు నిష్పక్షపాతంగా ఉంటాయనే నమ్మకాన్ని క్రాక్‌ఫర్డ్ స్వయంగా వమ్ము చేసింది. ఆ డైరెక్టరీకి పేరు చెప్పని వ్యక్తి చేత సంఘ పరిస్థితుల మీద ముందుమాట రాయించే ఆనవాయితీ ఉండేది. 1987లో వచ్చిన ముందుమాట అప్పటి ఆర్చిబిషప్‌ను తీవ్రంగా విమర్శించింది. రాసిందెవరని పత్రికలు వేట సాగించాయి. రాసిన గారెత్ బెన్నెట్ అనే పండితుడు ఆ డిసెంబరులో ఆత్మహత్య చేసుకున్నాడు. అందరి పేర్లూ చెప్పే పుస్తకం తన అభిప్రాయాన్ని మాత్రం పేరు లేకుండా చెప్పేది. ఇంగ్లండు సంఘంలో స్త్రీలు మొదటిసారి డీకన్లయింది కూడా 1987లోనే. ప్రీస్టులు కావడానికి 1994 దాకా, బిషప్ కావడానికి 2015 దాకా ఆగవలసి వచ్చింది. 2025 అక్టోబరులో సారా ములల్లీని కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి ప్రకటించారు. అభిషేకమే అర్హత అయిన జాబితాలోకి స్త్రీలు రావడానికి, అది మొదలైన నాటి నుంచి నూటముప్ఫై ఏళ్ళ దాకా పట్టింది.

ఇక మన నేల సంగతి. చర్చ్ మిషనరీ సొసైటీ తెలుగు పని 1841లో మచిలీపట్నంలో మొదలైంది. హెన్రీ వాట్సన్ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు ఓడ దిగారు. అక్కడి నుంచి 1854లో ఏలూరుకూ, తర్వాత గోదావరి ఎగువన దుమ్ముగూడేనికీ ఆ పని విస్తరించింది. ఫాక్స్ చనిపోతే అతని అన్నదమ్ముడు 1850లో జీవితచరిత్ర అచ్చు వేశాడు. నోబుల్ చనిపోతే అతని అన్నదమ్ముడు 1867లో వేశాడు. ఫాక్స్ భార్య ఎలిజబెత్ 1845లో చనిపోయింది. ఆమె కోసం ఎవరూ విడిగా పుస్తకం రాయలేదు. ఆమె ఆయన పుస్తకంలో ఒక దుఃఖంగా మాత్రమే ఉంది.

మచిలీపట్నంలో ఆడపిల్లలకు బడి పెట్టి నడిపినామె పేరు రికార్డుల్లో 'మిసెస్ షార్కీ'. దుమ్ముగూడెంలో లేసు అల్లిక నేర్పినామె 'మిసెస్ కేన్'. ఇద్దరూ భర్తల ఇంటిపేర్లతోనే మనకు అందారు. పెళ్ళి కాని స్త్రీలను పెద్ద సంఖ్యలో పంపాలని చర్చ్ మిషనరీ సొసైటీ నిర్ణయించుకున్నది 1887లో. జెనానా పని కోసం 1880లో విడిగా ఏర్పడిన సంఘం వేరే సంస్థ కాబట్టి, దాని తరపున మన ఊళ్ళకు వచ్చిన స్త్రీలు ఈ రిజిస్టరు పరిధిలోకే రారు. అంటే తెల్ల స్త్రీకి కూడా గడి దొరకాలంటే సరైన సంస్థలో, సరైన కాలంలో, పెళ్ళి కాకుండా ఉండాలి.

మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారు చాప్లెయిన్ల చరిత్రను ఫ్రాంక్ పెన్నీ 'ద చర్చ్ ఇన్ మద్రాస్' పేరుతో 1904, 1912, 1922లలో మూడు సంపుటాలుగా రాశాడు. అతనూ చాప్లెయినే. దానికి సరిగ్గా సమకాలంలో, 1905లో, జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల మీది రాతల జాబితా అచ్చు వేశాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సంగతి తెలుస్తుంది. యూరోపియన్ స్త్రీలకు పేర్లు దొరికేది రెండో పుస్తకంలో. బతికి ఉండగా పాదిరీల పుస్తకంలో చోటులేని మనిషికి, కాన్పులోనో కలరాలోనో పోయాక రాళ్ళ పుస్తకంలో చోటు దొరికింది. మన స్త్రీలకు రాయి కూడా అరుదు. మా అమ్మమ్మ తల్లికి ఉంది. దాని మీద ఫలానా ఉపదేశి భార్య అని ఉంది.

'నేటివ్ క్లర్జీ' అనే గడిలో ఉన్నదెవరో కూడా చూడాలి. నోబుల్ బడిలో చదివి క్రైస్తవులై, తొలి తెలుగు పాదిరీలలో లెక్కకు వచ్చిన మంచాల రత్నం, అయినాల భూషణం అగ్రకులాల నుంచి వచ్చినవారు. కానీ తెలుగు నేల మీద ఆంగ్లికన్ సంఘాన్ని జనంతో నింపింది ఆ బడి కాదు. 1859లో రాఘవాపురం మాలపెద్ద పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాక పల్లెలకు పల్లెలు కదిలాయి. ఆయన పాదిరి కాలేదు. కాబట్టి ఆ గడిలోకి రాడు. జనం జ్ఞాపకం ఆయన పేరును నిలబెట్టింది. ఆయనతో పాటు బాప్తిస్మం తీసుకున్న ఇళ్ళలోని ఆడవాళ్ళకు ఆ జ్ఞాపకంలో కూడా సరైన చోటు లేదు. జాబితా మీద జెండర్ ఒక గీత గీస్తే, చదువు పేరుతో కులం ఇంకొకటి గీసింది. దళిత స్త్రీ రెండు గీతలకూ అవతల ఉండిపోయింది.

అభిషేకం వల్లనే ఇదంతా జరిగిందా అనే అనుమానం రావచ్చు. దానికి డెల్టాలోనే జవాబుంది. 1836లో నర్సాపురం, పాలకొల్లు ప్రాంతానికి వచ్చిన గోదావరి డెల్టా మిషన్ వారు బ్రెదరెన్. వాళ్ళలో అభిషేకం పొందిన పాదిరి అనే పదవే లేదు. విలియం బౌడెన్, జార్జ్ బీర్, వాళ్ళిద్దరి భార్యలూ కలిసి వచ్చారు. ఆ భార్యలిద్దరి పేర్లూ ఎలిజబెత్. పదవి లేని చోట స్త్రీ పురుషులు సమానంగా గుర్తుండాలి కదా? కానీ చరిత్ర పుస్తకాల్లో 'బౌడెన్, బీర్' అనే జంట పేర్లే మిగిలాయి. వాటిని వినగానే ఇద్దరు మగవాళ్ళే గుర్తుకొస్తారు. కాబట్టి గడి గీసే పెన్సిలు అభిషేకం చేతిలో మాత్రమే లేదు.

ఆ నర్సాపురంలోనే మిషనరీ కుటుంబాల ద్వారా వచ్చిన లేసు అల్లిక మన స్త్రీవాదులకు బాగా తెలిసిన విషయం. మరియా మీస్ 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పుస్తకంలో దాన్ని వివరంగా రాసింది. వేలాది స్త్రీలు ప్రపంచ మార్కెట్టు కోసం రోజంతా లేసు అల్లారు. అయినా వాళ్ళకు గృహిణులనే పేరే ఉంది. వాళ్ళది తీరిక వేళ కాలక్షేపమన్నారు. శ్రామికుల లెక్కలోకి వాళ్ళు రాలేదు. మీస్ పట్టుకున్న కిటుకు ఇక్కడా అదే. పని ఉంటుంది, ఆ పనికి పేరు ఉండదు. ఉపదేశి చేసింది సేవ, ఉద్యోగం. అతని భార్య చేసింది 'సాయం'. పాదిరి భార్యను మన వైపు ఇప్పటికీ పాస్టరమ్మ గారు అనే పిలుస్తారు. ఆ పిలుపులో గౌరవం ఉంది. సంఘపు లెక్కల్లో అది పదవి కాదు. బైబిలు స్త్రీలకు ఎంతో కొంత జీతం ఉండేది కాబట్టి మిషన్ నివేదికల్లో కనిపిస్తారు. పేర్లుగా తక్కువ, అంకెలుగా ఎక్కువ.

1912 డిసెంబరు 29న వి.ఎస్. అజరయ్య కలకత్తాలో అభిషిక్తుడై దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయన. ఆయన డయోసిస్‌లో ఉపదేశుల భార్యలు కూడా చదువుకుని, పల్లెల్లో ఆడవాళ్ళకు నేర్పాలని పట్టుబట్టారు. ఆయన భార్య అన్బు మదర్స్ యూనియన్ పనిలో ముందున్నారు. ఆయన 1945లో చనిపోయిన తర్వాతి సంవత్సరమే ఆయన జీవితచరిత్ర రాసింది దోర్నకల్‌లో డీకనెస్‌గా పనిచేసిన కేరల్ గ్రాహం. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడ్డాక అందులో స్త్రీల కోసం ఒక సిస్టర్స్ ఆర్డరు మొదలుపెట్టిందీ ఆమే. బిషప్ జీవితాన్ని మనకు భద్రపరిచిన చెయ్యి, తానున్న సంఘంలో పాదిరి కాలేని చెయ్యి. 2013లో నంద్యాల డయోసిస్‌కు ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్ ఒక తెలుగు స్త్రీ. చాలా సంతోషించాను. అయితే ఒక స్త్రీ జాబితా పైవరసలోకి వెళ్ళినంత మాత్రాన, కింద పేజీల్లో గడి లేనివాళ్ళకు గడి రాదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నా థీసిస్ కోసం బైబిలు స్త్రీల పేర్లు సేకరించి, అనుబంధంగా ఒక పట్టిక తయారు చేశాను. పేరు, ఊరు, చదువు, ఏ మిషన్, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, జీతం, భర్త. చాలా గళ్ళు ఖాళీ. పేరు గడి దగ్గరే చిక్కు వచ్చింది. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి, బాప్తిస్మం నాడు పాదిరి పెట్టిన పేరు ఇంకొకటి, పల్లె పిలిచిన పేరు మరొకటి. అక్షరక్రమంలో ఆమెను ఏ అక్షరం కింద పెట్టాలి? ఆ కాగితాలు పట్టుకుని ఒక పల్లెకు వెళితే, ఎనభై దాటిన ఒకావిడ నా ప్రశ్నలన్నిటికీ ఓపికగా జవాబు చెప్పి, చివర్లో అడిగింది: "చదువెంత, జీతమెంత అంటన్నావు గానీ అమ్మాయ్, ఆవిడ ఎవురెవురికి అచ్చరాలు దిద్దించిందో రాసుకోవేంటి?"

ఆ రాత్రి నా పట్టిక మళ్ళీ చూసుకున్నాను. అవి క్రాక్‌ఫర్డ్ గళ్ళు. నేను కొత్తగా చేర్చిందల్లా భర్త గడి. మగవాళ్ళ జాబితాలో భార్యకు చోటు లేదని కోప్పడిన నేను, ఆడవాళ్ళ జాబితాలో భర్తకు ఎర్రతివాచీ పరిచాను. జాబితాలో లేనివాళ్ళను జాబితాలో చేర్చడమే పని అనుకున్నాను. ఆ గళ్ళను ఎవరి జీవితాన్ని చూసి గీశారో అడగలేదు. పారిష్, పదవి, పదోన్నతి అనే మెట్లతో నడిచిన జీవితానికి సరిపోయే గళ్ళు అవి. రోజూ ఒకే గట్టు మీద వెళ్ళి వచ్చిన జీవితం వాటిలో ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది.

మనవాళ్ళు చేసిన పనిని ఈ వెలుగులో తలచుకున్నాను. 2001లో వచ్చిన 'మహిళావరణం', 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం 'నల్లపొద్దు' కూడా ఒకరకంగా జాబితాలే. కానీ వాటిలోకి రావడానికి ఎవరో బిషప్ చేతులుంచి అభిషేకించి ఉండనక్కర్లేదు. జేమ్స్ ఎలీషా తానేటి తెలుగు బైబిలు స్త్రీల మీద 2013లో ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. తలుపులు తెరుచుకున్నాయి. ఇక ఎలా లోపలికి వెళ్ళాలన్నదే ప్రశ్న.

ఆ ముసలావిడ మాట విని జీతం గడి కొట్టేద్దామనుకున్నాను. ఎవరెవరికి అక్షరాలు నేర్పింది, ఎవరి కాన్పులకు వెళ్ళింది, ఏ ఇంటి గొడవ తీర్చింది అనే గళ్ళు పెట్టుకుంటే చాలదా? చాలదు. అలా చేస్తే ఆమె మళ్ళీ త్యాగమూర్తి అయిపోతుంది, సేవ చెయ్యడం ఆడవాళ్ళ స్వభావం అయిపోతుంది. వానలో నడిచిన దూరానికి ఆమెకు డబ్బు రావాలి. వచ్చింది ఎంత తక్కువో రాసి ఉండాలి. ఉపదేశికి వచ్చిన దాని పక్కన పెట్టి చూపించాలి. కాబట్టి జీతం గడి ఉంచాను. దాని పక్కన కొత్త గడి గీశాను. 'ఎవరికి నేర్పింది' అన్నది దాని పేరు. భర్త గడి తీసేశాను. పేరు గడి మాత్రం వెడల్పు చేశాను, మూడు పేర్లు పట్టేలాగ.

మా అమ్మమ్మ తల్లి వరస ఇప్పుడు పూర్తిగా ఖాళీగా లేదు. ఆమె అక్షరాలు దిద్దించినవాళ్ళ పేర్లు ఇప్పటికి పదకొండు దొరికాయి. అందులో తొమ్మిదిమంది ఆడవాళ్ళు. మా అమ్మమ్మ పదకొండోది. ఆమె మా అమ్మకు నేర్పింది, మా అమ్మ నాకు నేర్పింది. జీతం గడి ఇంకా ఖాళీగానే ఉంది. దాన్ని అలాగే కనిపించేలా అచ్చు వేయించాలనుకుంటున్నాను.